ఆర్డర్ వచ్చాక చేయాలా, ముందే చేసి పెట్టుకోవాలా? కిచెన్ యూనిట్‌లో గీత ఎక్కడ గీయాలో చెప్పండి

జీడిమెట్ల కిచెన్లు
అందరికీ నమస్కారం. మాది చిన్న మాడ్యులర్ కిచెన్ యూనిట్. పలకలు కోసే ప్యానెల్ సా, అంచులకి పట్టీ అతికించే ఎడ్జ్ బ్యాండింగ్ మెషిన్, రంధ్రాలు వేసే బోరింగ్ మెషిన్, లామినేట్ అతికించే ప్రెస్ ఒకటి, ఓ డజను మంది పనివాళ్లు. ఇప్పటిదాకా అంతా ఆర్డర్ మీదే. కస్టమర్ అడ్వాన్స్ ఇస్తేనే ప్లైవుడ్ తెప్పిస్తాం, లామినేట్ తెప్పిస్తాం, అప్పుడు కోత మొదలవుతుంది. దాంతో కిచెన్ బిగించేసరికి నెల దాటిపోతోంది. మా పక్క వీధిలో ఒకాయన రెడీ సెట్లు పెట్టుకుని పది రోజుల్లో ఇస్తానంటున్నాడు, మా దగ్గరికొచ్చే ఎంక్వయిరీల్లో సగం అటే పోతున్నాయి.

మా పార్ట్‌నర్ నాకు బావ అవుతాడు. ఆయన మాటేంటంటే బాగా నడిచే నాలుగైదు రంగుల్లో మనమూ కిచెన్లు చేసి గోడౌన్లో పెట్టేద్దాం, శ్రావణం వచ్చిందంటే ఒక్కటీ మిగలదు అని. నాకేమో భయం. ఎవరి వంటింటి కొలత వాళ్లది, ఎవరి రంగు పిచ్చి వాళ్లది. పోనీ ఇలాగే ఉందామా అంటే కస్టమర్ ఆగడు. ఈ రెండింటికీ మధ్యలో పద్ధతేమైనా ఉందా? ఫ్యాక్టరీల్లో ప్లానింగ్ చేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ప్లానింగ్ పంతులు
ఉంది, మీరిద్దరూ దాని రెండు చివర్లు పట్టుకుని లాగుతున్నారు. ఏ సరుకు తయారీలోనైనా ఒక గీత ఉంటుంది. ముడిసరుకు నుంచి ఆ గీత దాకా పని అంచనా మీద జరుగుతుంది, గీత దాటాక ఫలానా కస్టమర్ ఫలానా ఆర్డర్ అని పేరు రాసుకుని జరుగుతుంది. మా వాళ్లు డీకప్లింగ్ పాయింట్ అంటారు. స్టాకు నిలబడేది ఆ గీత దగ్గరే. అడ్వాన్స్ వచ్చాకే ప్లైవుడ్ కొంటున్నామన్నారు కదా, అంటే ప్రస్తుతం మీ గీత ప్లైవుడ్ డీలర్ గోడౌన్లో ఉంది, మీ షెడ్డు గుమ్మం కూడా తొక్కలేదు. మీ బావగారు దాన్ని ఏకంగా తీసుకెళ్లి అమ్మకం కౌంటర్ మీద పెట్టమంటున్నారు. మధ్యలో ఇంకో నాలుగైదు చోట్లున్నాయి.

ఎక్కడ పెట్టాలో తేల్చడానికి రెండు ప్రశ్నలు. మొదటిది, కస్టమర్ గొణక్కుండా ఎన్నాళ్లు ఆగుతాడు, మీకు ప్లైవుడ్ కొన్నప్పటి నుంచి బిగింపు దాకా ఎన్నాళ్లు పడుతుంది. ఆయన ఆగేదానికంటే మీకు ఎక్కువ పడుతుంటే ఆ తేడా పని అంతా ఆర్డర్ రాకముందే అయిపోయి ఉండాలి, వేరే దారి లేదు. రెండోది, మీ సరుకు రకరకాలుగా చీలేది ఏ మెట్టు దగ్గర. ఆ చీలికకి ఒక్క మెట్టు ముందు గీత పెట్టగలిగితే అదృష్టవంతులు. పని ఎక్కడిదాకా ఒకేలా ఉంటుంది, ఎక్కడ మొదలై వంద రకాలవుతుంది, ఇది ముందు రాయండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఆకలేసిన ఆడిటర్
ఇంత ఎందుకండీ, ఏ టిఫిన్ సెంటర్‌కి వెళ్లినా కనిపిస్తుంది. పిండి రాత్రే అంచనా మీద రుబ్బుతాడు. ఇడ్లీ అడగకముందే వేసి పెడతాడు, ఎందుకంటే అందరికీ ఒకటే ఇడ్లీ. దోశ మాత్రం మనం ఉల్లి అన్నాకో కారం అన్నాకో పెనం మీద పడుతుంది. మీ బావగారు దోశలు కూడా ముందే వేసి పేర్చుదామంటున్నారు.

శివ_9
నా అభిప్రాయంలో స్టాకే పెట్టకూడదు. డెల్ కంప్యూటర్లు చూడండి. ఆర్డర్ వచ్చాకే కంప్యూటర్ బిగించి పంపేవాళ్లు, గోడౌన్ ఖర్చు లేదు, డబ్బులు ముందే వచ్చేవి. అంచనాలు ఎప్పుడూ తప్పుతాయి కాబట్టి అంచనా అనేదే లేకుండా నడపడం తెలివైన పని. లీడ్ టైమ్, అంటే ఆర్డర్ నుంచి డెలివరీ దాకా పట్టే టైము, తగ్గించుకోండి, అంతే.

ఆస్టిన్ తెలుగు
శివ బ్రదర్, నేను ఉండేది ఆ కంపెనీ ఊరి పక్కనే, పనిచేసేది కూడా హార్డ్‌వేర్ సప్లై చెయిన్‌లోనే కాబట్టి ఒక మాట. డెల్ దగ్గర స్టాకు కొద్ది రోజులదే ఉండేదన్నది నిజం. కానీ ఆ ఫ్యాక్టరీకి కూతవేటు దూరంలో సప్లయర్ల సరుకుతో నిండిన గోడౌన్లుండేవి. డెల్ లోపలికి లాక్కునేదాకా ఆ పార్టులు సప్లయర్ ఖాతాలోనే. హార్డ్ డిస్కులు, మెమరీ, మానిటర్లు ఆసియాలో వారాల ముందు అంచనా మీదే తయారై ఓడలెక్కేవి. చివరి బిగింపు మాత్రం ఆర్డర్ మీద. అంటే అంచనా ఎక్కడికీ పోలేదు, వేరేవాళ్ల నెత్తికి మారింది. ఆపైన కంప్యూటర్ కొనేవాళ్లలో ఎక్కువమంది ల్యాప్‌టాప్‌కి మారి, షాపులో చేత్తో పట్టుకుని చూసి ఆ రోజే ఇంటికి తీసుకెళ్లడం మొదలుపెట్టాక 2007లో అదే డెల్ వాల్‌మార్ట్ షెల్ఫుల్లోకి సరుకు పంపింది. ఆగడానికి కస్టమర్ ఒప్పుకోకపోతే గీత ముందుకు జరపాల్సిందే, ఎంత పెద్ద కంపెనీ అయినా.

జీడిమెట్ల అన్నకి అంత బలం ఉందా? ఆయన షెడ్డు పక్కన ప్లైవుడ్ డీలర్ తన ఖర్చుతో గోడౌన్ కడతాడా?

రంగుల దుకాణం, వరంగల్
మా షాపు కథ చెబుతా, మీ కిచెన్‌కి దగ్గరగా ఉంటుంది. మా నాన్న రోజుల్లో రంగు అంటే ఫ్యాక్టరీలో కలిపి డబ్బాలో నింపి వచ్చేదే. ఒక్కో షేడుకి లీటరు డబ్బా, నాలుగు లీటర్లది, పదిది, ఇరవైది. అలా లెక్కేస్తే నూటయాభై షేడ్లకి ఆరొందల రకాల డబ్బాలవుతాయి, ఏ షాపులో పెడతారు? కొన్ని పెట్టుకునేవాళ్లం, అందులోనూ బిస్కెట్ రంగు ఎప్పుడూ అయిపోయేది, ఎవరూ అడగని ఆకుపచ్చ దుమ్ము కొట్టుకునేది. ఇప్పుడు టింటింగ్ మెషిన్ ఉంది. ఫ్యాక్టరీ నుంచి బేస్ డబ్బాలు మాత్రమే వస్తాయి, మెషిన్లో డజను పైచిలుకు కలరెంట్లుంటాయి, షేడ్ కార్డులో వెయ్యికి పైనే రంగులు. కస్టమర్ నంబర్ చెప్పాక మెషిన్ చుక్క లెక్కన పోస్తుంది, షేకర్లో పెట్టి ఊపి చేతికిస్తాం. పావుగంట పని.

కానీ ఇందులోనూ తలనొప్పులున్నాయి. ఒకసారి కలిపితే వెనక్కి తీసుకోం, అది ముందే చెప్పి కలుపుతాం, ఎందుకంటే ఆ డబ్బా ఇంకెవరికీ పనికిరాదు. రెండు, బేసుల్లో కూడా రకాలున్నాయి. లేత రంగుల బేస్‌లో ఎంత కలరెంట్ పోసినా ముదురు మెరూన్ రాదు. దసరా ముందు ముదురు బేస్ నిండుకుందంటే షేడ్ కార్డులో సగం మూసుకున్నట్టే. అంటే వెయ్యి రంగుల అంచనా పోయింది కానీ బేసుల అంచనా మిగిలింది, అది మాత్రం గట్టిగా ఉండాలి. ఇంకోటి, తెల్ల రంగు రెడీ డబ్బాలుగానే తెస్తాం. అది రోజూ పోతుంది, దానికి మెషిన్ ఎందుకు. షాపంతా ఒకే పద్ధతిలో ఉండాలని రూలేం లేదు.

జీడిమెట్ల కిచెన్లు
రంగుల దుకాణం అన్నా, బాగా ఎక్కింది. అయితే నాకు బేస్ డబ్బా లాంటిది కార్కస్, అంటే తలుపులు లేని ఉత్త బాక్సు, అనుకుంటున్నా. బాక్సు లోపలంతా తెల్ల లామినేటే ఎవరికైనా. బయట కనిపించే షట్టర్ (తలుపు) దగ్గరే రంగు, ఫినిష్, హ్యాండిల్ అన్నీ చీలేది. కార్కస్ ముందే చేసి పెట్టుకుని షట్టర్లు మాత్రం ఆర్డర్ మీద చేస్తే? కానీ కొలతల సంగతేంటి?

ఇంటీరియర్ స్వాతి
నేను డిజైనర్ని, ఇలాంటి యూనిట్లతో రోజూ పని. కొలతల భయం మీరనుకున్నంత లేదండీ. కింది బాక్సు ఎత్తు 720 ఎంఎం, లోతు 560, ఇవి దాదాపు మారవు. వెడల్పు 300, 450, 600, 900 ఈ నాలుగూ ఉంటే ఎక్కువ కిచెన్లు గట్టెక్కుతాయి. గోడకి మిగిలిన సందుని ఫిల్లర్ పట్టీతో కప్పుతాం, కార్నర్ యూనిట్ ఒక్కటి మాత్రం సైటు కొలత మీదే చేసుకోవాలి. మన అపార్ట్‌మెంట్లలో గోడలు ఎలాగూ మూలమట్టానికి ఉండవు, పై చివర 10 ఎంఎం ఎక్కువ, కింద తక్కువ, కాబట్టి ఫిల్లర్ లేకుండా ఏ కిచెనూ కూర్చోదు.

ఒక్క జాగ్రత్త. బాక్సులు బిగించి పెట్టుకోవద్దు, షెడ్డంతా గాలికి అద్దె కట్టినట్టవుతుంది. కోసి, ఎడ్జ్ బ్యాండ్ కొట్టి, బోరింగ్ చేసిన ప్యానెళ్లని పలకలుగా పేర్చండి. 600 బాక్సు పక్క ప్యానెలూ 900 బాక్సు పక్క ప్యానెలూ ఒకటే కదా, ఎత్తు లోతు మారవు కాబట్టి. వెడల్పుని బట్టి మారేది అడుగు, అర, వెనక ప్యానెల్, అంతే. అంటే పక్క ప్యానెళ్లు ఎన్ని కోసి పెట్టుకున్నా ఎక్కడో ఒకచోట పడతాయి. షీట్‌ని నేల మీద నేరుగా పెట్టకండి, వర్షాకాలంలో అంచులు ఉబ్బుతాయి.

షట్టర్లు ఆర్డర్ మీదే అన్నారు కాబట్టి లామినేట్ అసలు ముందే కొనొద్దు అనిపిస్తుంది, అది సగమే నిజం. ఒక కిచెన్‌కి కావాల్సిన షీట్లన్నీ ఒకేసారి ఒకే బ్యాచ్‌లో తీసుకోండి. తర్వాత రెండు షీట్లు తక్కువయ్యాయని తెప్పిస్తే అదే నంబర్ అయినా వేరే బ్యాచ్‌లో తేడా కొడుతుంది, లైటు పడితే పక్కపక్క షట్టర్లు వేరువేరుగా కనిపిస్తాయి. కంపెనీ షేడ్ల శాంపిల్ పుస్తకం, అదే ఫోల్డర్, కూడా ఏడాదికోసారి మారుతుంది, మీ బావగారు ఇష్టపడి కొన్న షేడు వచ్చే ఏడాది ఫోల్డర్లో ఉండకపోవచ్చు.

అసలు విషయం ఇంకోటుంది. మీ నెల రోజుల్లో కోత ఎన్నాళ్లు? నా అనుభవంలో ఫ్యాక్టరీ పని వారం పదిరోజులు దాటదు. మిగతా అంతా కస్టమర్ డ్రాయింగ్ మీద సంతకం పెట్టకపోవడమే. అడ్వాన్స్ ఇచ్చేస్తారు, తర్వాత అత్తగారు వచ్చి స్టవ్ ఆగ్నేయంలో లేదంటారు, సింకు జరుగుతుంది, దాంతో పైపు జరుగుతుంది. డబ్బులొచ్చినంత మాత్రాన అది ఆర్డర్ కాదు. కొలత, రంగు, హ్యాండిల్ మూడూ ఫ్రీజ్ అయిన రోజే ఆర్డర్. మీరు రోజులు లెక్కపెట్టేది ఎప్పటినుంచి?

జీడిమెట్ల కిచెన్లు
స్వాతి గారూ, అడ్వాన్స్ రోజు నుంచే లెక్కపెడుతున్నాం. రసీదు మీద డెలివరీ తేదీ కూడా అప్పుడే రాస్తాం.

ఇంటీరియర్ స్వాతి
అది రేపట్నుంచే మానేయండి. "సంతకం పెట్టిన రోజు నుంచి ఇన్ని రోజులు" అని రాయండి. కస్టమరే త్వరపడతాడు.

నేనే ఆ బావని
లింక్ మా బామ్మర్దే పంపాడు, చదివా. నన్ను మరీ విలన్‌ని చేశారు. నా బాధ కూడా వినండి. ఆషాఢం వచ్చిందంటే గృహప్రవేశాలు లేవు, మూఢం వస్తే అసలు ఫోనే మోగదు. ఆ రోజుల్లో డజను మందికి జీతం ఇస్తూ మెషిన్లు తుడుచుకుంటూ కూర్చోవాలి. పోనీ పొమ్మంటే ఎడ్జ్ బ్యాండింగ్ మెషిన్ నడిపే కుర్రాడు వెళ్లి పక్క వీధిలో చేరతాడు, మళ్లీ రాడు. ఆ తర్వాత శ్రావణంలో ముహూర్తాలన్నీ ఒక్కసారి మీద పడతాయి, రాత్రిళ్లు పనిచేసినా అందించలేం. ఖాళీ రోజుల్లో ఏదో ఒకటి చేసి పెట్టుకుంటే తప్పేంటి? ఆర్డర్ మీదే పని అని కూర్చుంటే ఖాళీ రోజులు ఖాళీగా పోతాయి, రద్దీ రోజులు చేతికి చిక్కవు.

ప్లానింగ్ పంతులు
బావగారూ, ఇది చాలా బలమైన పాయింట్, పుస్తకాలు చదివిన మావాళ్లే మర్చిపోయేది. అంచనా మీద చేసే పనికున్న పెద్ద లాభం అదే, ఖాళీ చేతులకి పని. అయితే ఏం చేసి పెట్టుకోవాలన్నదే తగాదా. శ్రావణంలో ఎన్ని గృహప్రవేశాలుంటాయో ఇంచుమించుగా పంచాంగం చూసే చెప్పొచ్చు, ముహూర్తాలు ఏడాది ముందే అచ్చేసి ఉంటాయి. మీ ఏరియాలో ఎన్ని అపార్ట్‌మెంట్లకి టైల్స్ పడుతున్నాయో సాయంత్రం బండేసుకుని తిరిగితే తెలుస్తుంది. అంటే మొత్తం ఎన్ని కిచెన్లు అన్న అంచనా మీకు బాగానే కుదురుతుంది. ఏ రంగు అన్నది మాత్రం ఎవరూ చెప్పలేరు. తెలిసిన దాని మీద ఆషాఢంలో పని చేయించండి, తెలియనిది ఆర్డర్ కోసం ఆపండి.

లెక్క కూడా చూపిస్తా. ఉదాహరణకి పది రంగులున్నాయనుకోండి, ఒక్కోటి నెలకి సగటున పది కిచెన్లు, అటూఇటూ నాలుగు ఊగుతుంది. ప్రతి రంగులోనూ రెడీ కిచెన్లు పెట్టుకుని ఆ ఊగుడుకి సరిపడా అదనంగా ఉంచాలంటే రంగుకి నాలుగు చొప్పున నలభై ఎక్స్‌ట్రా కిచెన్లు. అదే రంగు లేని కార్కస్‌గా ఉంచితే ఒక రంగు పడిపోయినప్పుడు ఇంకోటి లేస్తుంది, ఒకదాన్నొకటి సర్దుకుంటాయి. అప్పుడు ఊగుడు నాలుగు ఇంటూ పది వర్గమూలం, అంటే 12.6, పదమూడు చాలు. నలభై ఎక్కడ, పదమూడు ఎక్కడ. అదీ షట్టర్లు, హ్యాండిళ్లు లేని చవక సరుకులో. అయితే ఒక మెలిక ఉంది. అన్ని రంగులూ ఒకేసారి లేచి ఒకేసారి పడితే ఈ సర్దుబాటు పనిచేయదు. ముహూర్తాల దెబ్బ అలాంటిదే, అన్నిటినీ కలిపి లేపుతుంది. కాకపోతే దాని తేదీ ముందే తెలుసు కాబట్టి బతికిపోతాం.

పెడన అద్దకం
మా పెదనాన్న వాళ్లది పెడనలో కలంకారీ అచ్చుల పని. ఈ గీత అనేది మా ఇంట్లో పేరు లేకుండానే ఉంది. గుడ్డ తెచ్చి గంజి పోయేలా ఉతికి, కరక్కాయ కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇది ఏ డిజైన్‌కైనా కావాల్సిందే, ఎవరడిగినా అడగకపోయినా జరిగిపోతుంది. డిజైన్ మొదలయ్యేది ఆ తర్వాత. బెల్లం, ఇనుప ముక్కలు ఊరబెట్టిన నలుపుతో అవుట్‌లైన్ అచ్చు, ఎరుపు రావాల్సిన చోట పటిక అచ్చు, తర్వాత పారే నీళ్లలో జాడించి, రంగు నీళ్లలో ఉడికించడం. హైదరాబాద్ బొటీక్ వాళ్లు ఫోటో వాట్సాప్ చేస్తారు, ఇన్ని మీటర్లు ఫలానా నెమలి డిజైన్ అని, అప్పుడు అచ్చు పడుతుంది.

మాకు తెలిసిందేంటంటే గీత దాటాక వాతావరణం చెప్పినట్టు వినాలి. వానలు పడితే ఎండ లేదు, ఎండ లేకపోతే ఆరదు, కాబట్టి వానాకాలంలో మా పెదనాన్న తేదీ చెప్పడు, "ఎండని బట్టి" అంటాడు. ఇంకోటి అచ్చులు. టేకు చెక్క మీద చెక్కాలి, ఒక్క డిజైన్‌కి అవుట్‌లైన్‌కొకటి, లోపల నింపే ఒక్కో రంగుకొకటి. ఎవరైనా ఇప్పటిదాకా లేని డిజైన్ అడిగితే ముందు అచ్చు చెక్కించాలి, లీడ్ టైమ్ ఎక్కడికో పోతుంది. అందుకే కస్టమర్ ముందు పెట్టేది ఉన్న అచ్చుల ఆల్బమే. మీరూ లామినేట్ ఫోల్డర్లన్నీ కస్టమర్ ముందు కుమ్మరించకుండా, మీ డీలర్ దగ్గర ఎప్పుడూ దొరికే ఓ ముప్ఫై షేడ్లతో సొంత ఆల్బమ్ చేసుకోండి. బయటి షేడ్ కావాలంటే రెండు వారాలు ఎక్కువ, అంతే.

ప్లానింగ్ పంతులు
ఇటలీ బెనెటన్ వాళ్లు పేరు తెచ్చుకున్నది ఇలాంటి పనికే. మామూలుగా నూలుకి ముందు రంగేసి తర్వాత స్వెటర్ అల్లుతారు. వాళ్లు కొంత సరుకుని రంగు లేకుండా అల్లి పెట్టుకుని, ఆ సీజన్లో ఏ రంగు పోతుందో షాపుల నుంచి తెలిశాక అద్దకం వేసేవాళ్లు. అల్లిన గుడ్డకి రంగేయడం నూలుకి వేయడం కంటే ఖర్చు ఎక్కువే. అయినా సీజన్ చివర్లో పోని రంగుల్ని సగం ధరకి అమ్ముకోవడం కంటే నయమనిపించింది. వాళ్లు కూడా అన్నీ అలా చేయలేదు, కొంతే. మన రంగుల దుకాణం అన్న తెల్ల డబ్బా లాగే.

మగ్గం మాట, పోచంపల్లి
అందరూ రంగు చివర్లో వేయండి అంటున్నారు, మా దగ్గర అది కుదరదు. ఇక్కత్‌లో డిజైన్ అంతా నేయకముందే పోగుల్లో ఉంటుంది. పోగులకి లెక్క ప్రకారం ముడులు కట్టి రంగులో ముంచుతాం, ముడి ఉన్నచోట రంగు అంటదు, మళ్లీ విప్పి ఇంకోచోట కట్టి ఇంకో రంగు. మగ్గమెక్కేసరికే ఏనుగు ఎక్కడొస్తుందో చిలక ఎక్కడొస్తుందో తేలిపోయి ఉంటుంది. ఆ తర్వాత కస్టమర్ రంగు మార్చమంటే నవ్వడమే. పైగా ఒక పడుగు కడితే ఒక చీర కాదు, అదే డిజైన్‌లో వరసగా కొన్ని చీరలొస్తాయి. కాబట్టి ఒక్క చీర ఆర్డర్ మీద పడుగు కట్టలేం. రకాల చీలిక మొదటి మెట్టు మీదే ఉన్నప్పుడు గీత ఎక్కడ పెడతారు? నూలు దగ్గర పెట్టి కస్టమర్ని నెలల తరబడి ఆపాలి, లేదంటే ధైర్యం చేసి చీరలు నేసి సొసైటీలోనో షాపులోనో పెట్టాలి. మాలో ఎక్కువమంది చేసేది రెండోదే, నష్టం కూడా మాకే.

మాకు మిగిలిన దారి ఒక్కటే, పని టైము తగ్గించుకోవడం. చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం చేసి 2017లో పద్మశ్రీ అందుకున్నారు కదా. చీర చీరకీ చెయ్యి అటూ ఇటూ వేల సార్లు తిప్పుతూ గంటల కొద్దీ చేసే ఆసు పని, అంటే ముడులు కట్టడానికి ముందు పోగులని మేకుల చుట్టూ వరసగా చుట్టడం, యంత్రంతో బాగా తగ్గింది. అందరూ ఆడవాళ్ల భుజాల నొప్పి గురించే రాశారు, అది నిజమే, కానీ పెళ్లి వాళ్లు ఫలానా తేదీకి కావాలంటే ఒప్పుకోవడానికి కాస్త వీలొచ్చింది కూడా అందువల్లే.

ఫార్మా ప్యాకింగ్
ఇది చదవగానే మా లైన్ గుర్తొచ్చింది. ఇంజెక్షన్ వయల్స్ నింపి మూత బిగించి లేబుల్ లేకుండా ఉంచుతాం, బ్రైట్ స్టాక్ అంటాం. మందు ఒకటే, ఏ దేశానికి వెళ్తుందో తేలాక ఆ దేశం భాషలో లేబుల్, లోపల కాగితం, అట్టపెట్టె. హెచ్‌పీ వాళ్లు 1990ల మొదట్లో డెస్క్‌జెట్ ప్రింటర్లకి చేసింది ఇదే. అమెరికాలో వాంకూవర్ ఫ్యాక్టరీలో ఏ దేశానికా దేశం ప్రింటర్ చేసి ఓడలో యూరప్‌కి పంపితే నెల దాకా పట్టేది, దిగేసరికి జర్మనీది మిగిలి ఫ్రాన్స్‌ది తక్కువయ్యేది. తర్వాత అన్నిటినీ ఒకేలా పంపి, పవర్ సప్లై, మాన్యువల్ యూరప్ గోడౌన్లోనే పెట్టారు. స్టాకు తగ్గింది.

మా దగ్గర మెలికేంటంటే లేబుల్ లేని రోజుల్లో కూడా ఎక్స్‌పైరీ నడుస్తూనే ఉంటుంది. ఆర్డర్ కోసం ఎక్కువ ఆపితే కొనేవాడు "షెల్ఫ్ లైఫ్ తక్కువుంది" అని తిప్పి కొడతాడు. లేబుల్ లేని రెండు మందులు పక్కపక్కన పెడితే కలిసిపోయే ప్రమాదం వేరే. కాబట్టి గీత దగ్గర పెట్టే సరుకుకి తాళం, రిజిస్టరు, పేరు పట్టీ ఉండాలి. జీడిమెట్ల గారూ, మీ ప్యానెళ్లకి కూడా అంచు మీద సైజు స్టిక్కర్ అంటించండి, పేర్చాక 450 ఏదో 400 ఏదో కంటికి తెలియదు.

శివ_9
సరే ఒప్పుకున్నా, కొంత స్టాకు కావాలి. కానీ టొయోటా జస్ట్ ఇన్ టైమ్, అంటే పార్టు కావాల్సినప్పుడే తెప్పించుకోవడం, అని ప్రపంచమంతా చెప్పుకుంటుంది కదా, వాళ్లు స్టాకు లేకుండానే నడిపారు కదా?

ఆస్టిన్ తెలుగు
2021 చిప్‌ల కరువు గుర్తుందా? 2020 లాక్‌డౌన్‌లో కార్లు పోవనుకుని చాలా కార్ల కంపెనీలు చిప్ ఆర్డర్లు తగ్గించాయి. ఆ ఖాళీని ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఎగరేసుకుపోయాయి. తర్వాత కార్లకి గిరాకీ తిరిగొచ్చింది కానీ చిప్ చేయడానికే నెలలు పడుతుంది, అడగ్గానే రాదు. ఆ ఏడాది మొదట్లో మిగతావాళ్లు లైన్లు ఆపుతుంటే టొయోటా ఎక్కువకాలం నిలబడింది. 2011 జపాన్ భూకంపం తర్వాత ఏ పార్టులకి తెప్పించే టైము ఎక్కువో లిస్టు రాసి, చిప్‌లని సప్లయర్ల దగ్గర రెండు నుంచి ఆరు నెలలకి సరిపడా ఉంచమని చెప్పింది కాబట్టి. జస్ట్ ఇన్ టైమ్ కనిపెట్టినవాళ్లే, తెప్పించడానికి ఎక్కువ టైము పట్టే చోట స్టాకు పెట్టారు. అదీ చివరిదాకా సరిపోలేదు, 2021 సెప్టెంబరు ఉత్పత్తిలో 40 శాతం కోత ప్రకటించారు.

లెక్కల లక్ష్మి
నేను కాస్ట్ అకౌంటెంట్ని. రెండు మాటలు డబ్బు గురించి, ఎవరూ అనలేదు కాబట్టి. గీతకి ముందు జరిగే పనిలో టైము ఎక్కువ పోవాలి, డబ్బు తక్కువ పోవాలి. కార్కస్ అలాంటిదే. అక్రిలిక్ షట్టరో పీయూ పెయింట్ షట్టరో రివర్స్, డబ్బంతా అక్కడే ఉంది కాబట్టి ఆర్డర్ లేకుండా ముట్టుకోవద్దు. బావగారి లెక్కలో ఇదే లోపం, ఆయన ఖాళీ చేతులకి పని చూశారు, ఆ పని మీద ఎంత డబ్బు పడుకుంటుందో చూడలేదు.

రెండోది గీత తర్వాతి పని. ఆర్డర్ మీద చేసే భాగం ఎప్పుడూ నిండా లోడ్ అయి ఉంటే మీరిచ్చే డెలివరీ మాట ఉత్తిదే అవుతుంది, ఎందుకంటే ప్రతి ఆర్డరూ ముందు ఆర్డర్ వెనకాల క్యూ కడుతుంది. కార్కస్ లైన్‌ని నిండా నడపండి, షట్టర్ ప్రెస్‌ని మాత్రం కాస్త ఖాళీ ఉండేలా చూసుకోండి. మెషిన్ ఖాళీగా కనిపిస్తే ఓనర్లకి కడుపుమంట, నాకు తెలుసు, కానీ మీరు అమ్ముతున్నది ఆ ఖాళీనే. ప్రెస్ ఒక్కటే ఉందన్నారు, అన్నీ ఆగేది అక్కడే. శ్రావణం ముందు దానికి ఇంకో షిఫ్టు మనిషిని ఇప్పుడే నేర్పించుకోండి.

నేనే ఆ బావని
లక్ష్మి గారూ, ఖాళీని అమ్మడం అంటే మా నాన్న లేచి కొడతాడు. అయినా ప్యానెళ్ల వరకు ఒప్పుకున్నా. కానీ నాదొక షరతు. తెల్ల ఫ్రాస్టీ షట్టర్లు 600 వెడల్పువి కొన్ని రెడీగా పెడతా. అద్దె ఇళ్ల ఓనర్లు, చిన్న బిల్డర్లు రంగు అడగరు, ఎప్పుడిస్తావనే అడుగుతారు. వాళ్లని పక్క వీధికి ఎందుకు వదలాలి?

రంగుల దుకాణం, వరంగల్
అది కరెక్ట్ బావగారూ. అదే మీ తెల్ల డబ్బా.

జీడిమెట్ల కిచెన్లు
అందరికీ చాలా థ్యాంక్స్. ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఆషాఢంలో పక్క ప్యానెళ్లు ఎక్కువగా, 450, 600 అడుగు ప్యానెళ్లు కొంచెం తక్కువగా, 300, 900వి ఇంకా తక్కువగా కోసి పెడతాం. 900 బాక్సు అడక్కపోతే ఆ అడుగు ప్యానెల్‌ని కోసి చిన్న సైజు చేసుకోవచ్చు, 300ని పెద్దది చేయలేం కాబట్టి ఆ రెండింట్లో 900 కాస్త ముందు. షట్టర్లు సంతకం అయ్యాకే, బావ తెల్లవి తప్ప. లామినేట్ డీలర్‌తో మాట్లాడా, ముప్ఫై షేడ్ల లిస్టు ఇస్తే అవి ఎప్పుడూ ఉంచుతానన్నాడు కానీ షేడుకి ఆరు షీట్లకి మించి ఉంచనన్నాడు. పెద్ద కిచెన్‌కి అవి చాలవు, బ్యాచ్ సమస్య మళ్లీ వస్తుంది. అందుకే ముప్ఫై కాకుండా ఇరవై షేడ్లకి దిగి, షేడుకి పది షీట్లు అడుగుతున్నా. ఇంకా ఒప్పుకోలేదు.

స్వాతి గారూ, ఒక్క డౌట్. హింజిలు ముందే తెచ్చుకోవాలంటే 0 క్రాంక్, 8, 16 (హింజి చెయ్యి వంపుని బట్టి రకాలు) మూడూ పెట్టుకోవాలా?

ఇంటీరియర్ స్వాతి
ప్రతి బాక్సుకీ సొంత పక్క గోడలుంటాయి కాబట్టి మీకు పడేది దాదాపు అంతా 0 క్రాంకే. రెండు షట్టర్లు ఒకే పార్టిషన్ పంచుకునే పొడవాటి యూనిట్లకి 8, కొంచెం ఉంచండి. 16 ఇన్‌సెట్ షట్టర్లకి, అంటే బాక్సు లోపలికి కూర్చునే తలుపులకి, అది డ్రాయింగ్ వచ్చాక తెప్పించుకోవచ్చు, ఏ షాపులోనైనా దొరుకుతుంది.

నేనే ఆ బావని
0 క్రాంక్ సాఫ్ట్ క్లోజ్ రేపే తెప్పిస్తున్నా. బిల్లు బామ్మర్ది పేరు మీద.

జీడిమెట్ల కిచెన్లు
బావా, ఫోన్ చెయ్యి, ఇక్కడ కాదు.